ఉప్పునీళ్లు తాగిన బ్యాటరీ

లాప్‌టాప్ మీద ఏదైనా ఒలకబోసుకుని వచ్చినవాళ్లు మొదట నిజం చెప్పరు. "ఊరికే ఆగిపోయిందండి" అంటారు. "నిన్న బాగానే ఉంది, పొద్దున్నే చూస్తే ఇలా ఉందండి" అంటారు. తెనాలి, బాపట్ల షాపుల్లో నా ఉద్యోగమంతా ఈ మాటలు వింటూనే గడిచింది. చూపు తగ్గి, చిన్న స్క్రూలు వేళ్లలోంచి జారిపోవడం మొదలయ్యాక పని మానేసి మా రేపల్లె వచ్చేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటారు, "మేడమ్, ముందు ఏం నేర్చుకోవాలి?" అని. సోల్డరింగ్ ఎవరైనా నేర్పుతారు. మీటరు పట్టుకోవడం వీడియోలు చూసినా వస్తుంది. ఎవరూ నేర్పనివి కొన్ని ఉన్నాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

నిజం చెప్పించడం

అంగలకుదురు నుంచి డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె వాళ్ల నాన్నతో కలిసి తెనాలి షాపుకు వచ్చింది. లాప్‌టాప్ ఆన్ కావడం లేదు.

"ఏమైనా పడిందా అమ్మా దీని మీద?"

"లేదండి."

"మా అమ్మాయి చాలా జాగ్రత్తండి" అన్నాడు నాన్న.

ఆయన్ని ఫ్యాను కింద కుర్చీలో కూర్చోమని చెప్పి, అమ్మాయిని బల్ల దగ్గరికి పిలిచాను. గొంతు తగ్గించి, "నీళ్లా, టీయా?" అన్నాను.

ఆ పిల్ల వెనక్కి ఒకసారి చూసింది. "కాఫీ అక్కా. నాన్నకి చెప్పొద్దు."

పడిందా అని అడిగితే లేదంటారు. ఏం పడిందని అడిగితే చెప్తారు. చెప్పించడం దేనికంటే, మంచినీళ్లకు చేసే వైద్యం వేరు, పాలూ పంచదారా కలిసిన కాఫీకి చేసే వైద్యం వేరు. పంచదార ఎండితే జిగురైపోతుంది. మీటలు అతుక్కుంటాయి. కింద ఉన్న బోర్డు మీద పొరలా పేరుకుంటుంది. అన్నిటికంటే చెడ్డది ఉప్పునీళ్లు. సముద్రం పక్కన బతికేవాళ్లం కాబట్టి మనకు అది తప్పదు.

ఒలకబోసుకోవడం నేరం కాదు. కానీ మనిషికి ఆ క్షణంలో నేరం చేసినట్టే ఉంటుంది. తిడతారని, వారంటీ పోతుందని, ఇంట్లో మాట పడాలని భయం. మనం బల్ల ఇవతల కూర్చుని న్యాయమూర్తిలా మొహం పెడితే ఇక చెప్పరు. నేను పనిచేసినన్నాళ్లూ ఎవరినీ "చూసుకోవద్దా?" అని అనలేదు. అందుకు నన్ను నేను మెచ్చుకోవడం లేదు. అలా అనకూడదని నాకు నేర్పినవాళ్లు ఉన్నారు.

కోటేశ్వరరావు గారి అరచెయ్యి

నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, రేపల్లెలో ఖాళీగా ఉన్న రోజులవి. అప్పటికి టీవీల కాలం. తెనాలిలో కోటేశ్వరరావు గారి షాపుకు మనిషి కావాలంటే వెళ్లాను. అక్కడున్న మెకానిక్కులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆడపిల్ల టీవీలు విప్పడమేంటని వాళ్ల ఉద్దేశం. కోటేశ్వరరావు గారు మాత్రం నా చేతులకేసి చూశారు.

"ఆ గాజులు తీసి సంచిలో పెట్టుకో అమ్మాయ్. షాక్ కొట్టుద్ది. అంతే, ఇంకేం అభ్యంతరం లేదు నాకు" అన్నారు.

అదే నా ఇంటర్వ్యూ. టీవీలు పోయి కంప్యూటర్లు వచ్చాయి, కంప్యూటర్లు పోయి లాప్‌టాప్‌లు వచ్చాయి. షాపు మారలేదు, నేనూ మారలేదు.

ఆయన మంచి యజమానేనా అంటే ఒక్క మాటలో చెప్పలేను. కేకలు వేసేవారు. కొత్త స్క్రూడ్రైవర్ కావాలంటే పాతది అరిగిందని సాక్ష్యం చూపించాల్సి వచ్చేది. బాగా చేశావని ఒక్కరికీ చెప్పిన పాపాన పోలేదు. భోజనం వేళ కస్టమర్ వస్తే ముద్ద చేతిలో పట్టుకునే లేచి రావాలి. ఇవన్నీ నిజాలే. కానీ లాప్‌టాప్‌ల కాలం వచ్చాక, కొత్తగా చేరిన ప్రతి మనిషికీ మొదటి రోజున ఆయన తన కుడి అరచెయ్యి చూపించేవారు. మధ్యలో కాలి ముడతపడిన మచ్చ.

"చూశారా? ఇది నా తొందర" అనేవారు.

లాప్‌టాప్‌లు వచ్చిన కొత్తలో, నేను షాపులో లేని రోజున, ఉబ్బిపోయిన బ్యాటరీని ఇనప స్క్రూడ్రైవర్‌తో పెకలించబోయారట. అడుగున జిగురుతో గట్టిగా అంటుకుని ఉంది. కొన గుచ్చుకుంది. పొగ లేచింది. షాపులో కస్టమర్లు ఉన్నారు, పక్కనే బట్టల కొట్టు. ఆలోచించే వ్యవధి లేక దాన్ని చేత్తోనే పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తారు. అందరికీ తెలిసేలా ఆ తప్పును ఆయనే చెప్పుకునేవారు. దాచుకున్నట్టయితే మాలో ఇంకెవరి చెయ్యో కాలి ఉండేది.

ఆ తరవాత షాపు వెనక తలుపు దగ్గర ఎప్పుడూ ఒక ఇసుక బకెట్టు ఉండేది. ఉబ్బిన బ్యాటరీని ఇనుముతో ముట్టుకోకూడదు, నొక్కకూడదు, చదును చేయాలని చూడకూడదు. పల్చటి ప్లాస్టిక్ ముక్కతో, ఓపిగ్గా, జిగురు వదిలేదాకా లేపి బకెట్టులో పెట్టాలి. ఇంకో నియమం కూడా పెట్టారు. తడి లోపలికి వెళ్లిన బ్యాటరీని, అది ఎంత బాగా పనిచేస్తున్నా, తిరిగి కస్టమర్‌కు బిగించి ఇవ్వకూడదు.

ఈ రెండో నియమం మీద రోజూ గొడవే. "పనిచేస్తోంది కదండి!" అనేవాళ్లు. పనిచేస్తుంది. అక్కడే ఉంది మోసం. బ్యాటరీ ప్యాకులో చిన్న పలక ఒకటి ఉంటుంది. ఛార్జ్ ఎంత ఎక్కాలి, ఎక్కడ ఆగాలి అని కాపలా కాసేది అదే. తడి దానికి తగిలితే ఆ రోజు ఏమీ తెలియదు. లోపల తుప్పు మెల్లగా పాకుతుంది. ఒకరోజు కాపలావాడు నిద్రపోతాడు. అప్పుడు బ్యాటరీ ఎవరి ఒళ్లో ఉంటుందో, ఎవరి మంచం మీద ఉంటుందో మనకు తెలియదు.

ఇలా చెప్తే కొందరు విని కొత్తది వేయించుకునేవారు. కొందరు లాప్‌టాప్ తీసుకుని ఎదురు షాపుకు వెళ్లిపోయేవారు. "పోనీలే" అనేవారు కోటేశ్వరరావు గారు. స్క్రూడ్రైవర్‌కు ఏడ్చే మనిషి, ఆ విషయంలో మాత్రం ఎన్నడూ ఏడవలేదు.

రైలూ, బియ్యం డబ్బా

నేను చాలా ఏళ్లు రేపల్లె నుంచి తెనాలికి రోజూ ప్యాసింజర్‌లో తిరిగాను. రైల్లో నాతో వచ్చే టీచర్లకు, బ్యాంకు ఉద్యోగులకు నా పని తెలుసు. "సువార్త గారూ, ఇది కాస్త చూడండి" అని పెట్టెలోనే లాప్‌టాప్ చేతికిచ్చేవారు. తడిసిందని తెలిస్తే తెనాలిదాకా ఆగేదాన్ని కాదు. సంచిలో స్క్రూడ్రైవర్ ఉండేది. ఎవరి ఒళ్లోనో తువ్వాలు పరిచి, అడుగు రేకు విప్పి, భట్టిప్రోలు దాటేలోపు బ్యాటరీ తీగ ఊడదీసేదాన్ని. వేరుశెనక్కాయల వాడు కూడా నిలబడి చూసేవాడు.

తడిసిన లాప్‌టాప్‌కు మొదటి వైద్యం అదే. కరెంటు ఆపడం. పవర్ మీట నొక్కిపట్టి ఆపెయ్యాలి, ఛార్జర్ పీకెయ్యాలి, మూత తెరిచి బోర్లించాలి, మళ్లీ ఆన్ చేసి చూడకూడదు. నీళ్లు బోర్డును పాడుచేయడం కంటే, నీళ్లున్నప్పుడు పారే కరెంటు పాడుచేసేదే ఎక్కువ. చూడాలని అందరికీ ఆత్రం. ఆ ఆత్రంలోనే సగం బోర్డులు పోతాయి.

అమృతలూరు నుంచి వీరయ్య గారని ఒక రైతు వచ్చారు. కూతురి లాప్‌టాప్ మీద మజ్జిగ ఒలికిందట. బియ్యంలో పెడితే తడి లాగేస్తుందని ఎవరో చెప్పారు. బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టి, వారం ఆగి, తీసి ఛార్జింగ్ పెట్టారు. టప్‌మని శబ్దం వచ్చిందట. నేను విప్పితే ఫ్యాను నిండా బియ్యపుగింజలు. ఛార్జర్ పెట్టే రంధ్రంలో ఒకటి. మజ్జిగ మాత్రం ఎక్కడిదక్కడే పెచ్చుకట్టి ఉంది.

"వీరయ్య గారూ, ఇది తాగిన మజ్జిగ కంటే తిన్న బియ్యమే ఎక్కువండి" అన్నాను.

ఆయన పగలబడి నవ్వారు. "కొత్త బియ్యమమ్మా, సన్నవి. దాని అదృష్టం" అన్నారు.

బోర్డు బతికింది. బ్యాటరీ మార్చాం. ఆ ఏడు పంట ఇంటికొచ్చినప్పుడు ఆయన ఒక సంచి బియ్యం షాపుకు తెచ్చి దించారు. "ఇవి మనుషులకి" అని మరీ చెప్పారు. ఈ ఉద్యోగం నాకు ఇచ్చినవాటిలో ఇలాంటి నవ్వులు చాలా ఉన్నాయి. ఎవరైనా నన్ను ఏం సంపాదించావని అడిగితే, ముందు గుర్తొచ్చేవి ఈ మనుషులే.

నాగమణి

కోటేశ్వరరావు గారు బాపట్లలో ఇంకో షాపు పెట్టి, దాన్ని చూసుకోమని నన్ను పంపారు. నేను పని మానేయడానికి కొద్ది కాలం ముందు జరిగింది ఇప్పుడు చెప్పబోయేది.

ఒక మధ్యాహ్నం షాపులోకి ముందు చేపల వాసన వచ్చింది, వెనకే ఒక మనిషి వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఉంది. ఆటో దిగి పరుగున వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. తువ్వాల్లో చుట్టిన లాప్‌టాప్‌ను చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. బల్ల దగ్గరున్న ఇద్దరు కస్టమర్లు ముక్కులు ముడిచి పక్కకు జరిగారు.

నేను అడగకముందే చెప్పింది. "నేనే పోశానక్కా. చేపల పెట్టెలో ఐసు కరిగిన నీళ్లు. పెట్టె జరుపుదామని ఎత్తాను, ఒలికి దీని మీద పడ్డాయి."

నా ఉద్యోగంలో మొదటి మాటే నిజం చెప్పిన మనిషిని అప్పుడే చూశాను.

"ఎప్పుడమ్మా?"

"ఇందాకే. మాస్టారు వెంటనే ఆపేశారు. బోర్లా పెట్టమని సైగ చేశారు. తుడిచి ఆటో ఎక్కేశాను. ఆయనా, వాళ్లావిడ రూతమ్మగారూ వెనకాల బస్సులో వస్తున్నారు."

"ఛార్జింగ్ పెట్టలేదు కదా?"

"ఎక్కడ పెడతామక్కా, ఆ పాకలో కరెంటే లేదు."

ఆమె పేరు నాగమణి. సూర్యలంక వైపు మత్స్యకారుల పల్లె. భర్తకు పడవ ఉంది, ఈమె చేపలు అమ్ముతుంది. నేను స్క్రూలు విప్పుతుంటే మిగతా కథ చెప్పింది. యోహాను మాస్టారు బాపట్లలో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యారు. గొంతులో జబ్బు వచ్చి ఆపరేషన్ చేస్తే మాట పూర్తిగా పోయింది. ఇప్పుడు లాప్‌టాప్‌లో తెలుగులో టైపు చేస్తారు, అది పైకి చదువుతుంది. దాంతోనే వారానికోసారి పల్లెకు వచ్చి, వలలు బాగుచేసుకునే పాకలో ఆడవాళ్లకు చదువు చెప్తున్నారు. తెర మీద అక్షరం పెద్దగా కనిపిస్తుంది, యంత్రం దాన్ని పలుకుతుంది, వీళ్లు పలకల మీద దిద్దుతారు. ఫోన్లో అయితే అక్షరాలు ఆయనకూ కనిపించవు, వీళ్లకూ కనిపించవు.

"ఇంతకుముందు ఎవరూ మాకు చెప్తామని రాలేదక్కా. వచ్చిన ఒక్క మనిషి గొంతు మీద నేను నీళ్లు పోశాను" అంది. ఏడవలేదు. కానీ చూపు నా చేతుల మీద నుంచి తిప్పలేదు.

అడుగు రేకు తీశాను. ముందు బ్యాటరీ తీగ ఊడదీశాను. బోర్డు మీద ఒక చేప పొలుసు వెండిలా మెరుస్తోంది. ఉప్పునీళ్లు కీబోర్డులోంచి దిగి, బోర్డు అంచున పారి, బ్యాటరీ ప్యాకు పక్క అతుకులోకి వెళ్లినట్టు చార కనిపిస్తోంది. బోర్డును బయటికి తీసి, స్పిరిట్‌తో, మెత్తటి బ్రష్‌తో కడగడం మొదలుపెట్టాను. తెచ్చిన మనిషి వెంటనే తెచ్చింది, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అందువల్ల ఉప్పు ఇంకా పెచ్చు కట్టలేదు. బోర్డు బతకడంలో నా పనితనం కంటే ఆమె నిజాయితీ వాటా ఎక్కువ.

"నీ చేపలో?" అన్నాను మధ్యలో.

"మా తోటికోడలు అమ్ముద్దిలే."

మాస్టారు దంపతులు వచ్చి చూసి, ఆరాలని చెప్తే మర్నాడు వస్తామని వెళ్లారు. నాగమణి సాయంత్రందాకా కదల్లేదు. మర్నాడు పొద్దున్నే షాపు తలుపు తీసేసరికి మెట్ల మీద ఉంది. బ్యాటరీ లేకుండా, ఛార్జర్ మీదే ఆన్ చేశాను. తెర వెలిగింది. కీబోర్డు సగం చచ్చిపోయింది కాబట్టి బయటి కీబోర్డు తగిలించాను.

"మాట్లాడుద్దా అక్కా?"

నేను నాలుగు అక్షరాలు కొట్టి మీట నొక్కాను. "నాగమణి" అంది యంత్రం.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది.

యంత్రం గొంతుతో కోపం

కాసేపటికి మాస్టారు, రూతమ్మ గారు వచ్చారు. ఆయన పొడుగ్గా, సన్నగా ఉంటారు. మెడకు తెల్లటి రుమాలు చుట్టుకుని ఉన్నారు. కీబోర్డు దగ్గరికి లాక్కుని రెండు వేళ్లతో టైపు చేశారు.

"చాలా సంతోషం అమ్మా" అంది యంత్రం. అదొక ఆడగొంతు. ఎత్తూ పల్లం లేకుండా, స్టేషన్‌లో రైళ్ల రాకపోకలు చెప్పే గొంతులా ఉంటుంది.

కొత్త బ్యాటరీ తెప్పించాలని, అది కంపెనీ నుంచి రావడానికి ఆలస్యమవుతుందని చెప్పాను.

"పాత బ్యాటరీ పాడైందా?"

"పాడవుతుందండి మాస్టారూ. ఉప్పునీళ్లు లోపలికి వెళ్లాయి."

"ఇప్పుడు పాడైందా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఇప్పటికి లేదండి. ఛార్జ్ కూడా ఉంది."

"అయితే పెట్టు."

"పెట్టలేనండి."

ఆయన వేళ్లు వేగంగా కదిలాయి. తప్పులు పడ్డాయి, చెరిపారు, మళ్లీ కొట్టారు. మొహం ఎర్రబడింది. షాపులో అందరం ఆయన టైపు చేయడం పూర్తయ్యేదాకా నిలబడ్డాం. ఆ తరవాత యంత్రం తన మామూలు గొంతుతో చదివింది.

"ఆ పాకలో కరెంటు లేదు. బ్యాటరీ లేకపోతే నేను అక్కడ మూగవాణ్ణి. వాళ్లు ఇప్పుడిప్పుడే ఒత్తులు నేర్చుకుంటున్నారు. ఆపితే మళ్లీ రారు. అది నా గొంతు. నా గొంతు నాకు ఇచ్చెయ్యి."

అరిచి ఉంటే తట్టుకునేదాన్ని. అంత కోపం అంత చదునైన గొంతులో వినడం కష్టమైంది. రూతమ్మ గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఏవండీ, ఆ అమ్మాయి మన మంచికే కదండీ చెప్పేది" అన్నారు. ఆయన వినలేదు.

నేను వెనక్కి వెళ్లి కోటేశ్వరరావు గారికి ఫోన్ చేశాను. పెట్టెయ్యమంటారేమోనని నాలో ఒక ఆశ కూడా ఉంది. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆ నియమం వదిలించుకోవాలనే ఫోన్ చేశాను.

అంతా విని ఆయన ఒకటే అన్నారు. "ఆ పెద్దాయనకి కోపం వస్తే తగ్గుద్ది అమ్మాయ్. నా చెయ్యి చూశావుగా, అది తగ్గలా."

మాస్టారు లాప్‌టాప్, బయటి కీబోర్డు, ఛార్జర్ తీసుకుని నా వైపు చూడకుండా వెళ్లిపోయారు. నాగమణి వాళ్ల వెనకే వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి, "నీ మీద కాదక్కా ఆయన కోపం" అంది. బ్యాటరీని పెరట్లో ఇసుక బకెట్టులో పెట్టాను. ఆ వారమంతా అదే ఆలోచన. తడిసిన ప్రతి బ్యాటరీ ప్రమాదం చేస్తుందని నేను చెప్పను. చాలావాటికి ఏమీ కాకపోవచ్చు. ఏది ఏమవుతుందో ముందే చెప్పగలిగిన మనిషిని మాత్రం నేను చూడలేదు. ఇది ఏమీ కాని బ్యాటరీ అయితే, ఒక పెద్దాయన నోరు ఊరికే కట్టేసినదాన్ని అవుతాను.

పెరట్లో

ఆ వారం చివర పెరటి తలుపు తీస్తే తియ్యటి మందు వాసన తగిలింది. గోళ్ల రంగు సీసా మూత తీస్తే వస్తుందే, అలాంటిది. మాకు ఆ వాసన తెలుసు. బకెట్టు దగ్గరికి వెళ్లాను. ఇసుక పైకి లేచి పగిలి ఉంది. పలకలా ఉండాల్సిన బ్యాటరీ పూరీలా పొంగింది. దూరం నుంచే వేడి తెలుస్తోంది. దాన్ని ఎవరూ ఛార్జ్ చేయలేదు, దేనికీ తగిలించలేదు. లోపల మిగిలిన ఉప్పే తన పని తాను చేసుకుపోయింది.

మీద ఇంకొంత ఇసుక పోసి, రూతమ్మ గారికి ఫోన్ చేశాను. గెలిచానని కాదు. బ్యాటరీ పాడవుతుందన్న నా మాట ఆయన నమ్మడానికి నా దగ్గర అంతకంటే వేరే దారి లేదు.

ఇద్దరూ వచ్చారు. పెరట్లోకి తీసుకెళ్లి, కాస్త దూరంలోనే నిలబెట్టి చూపించాను. మాస్టారు చాలాసేపు చూశారు. లోపలికి వచ్చి సంచిలోంచి లాప్‌టాప్ తీశారు. ఛార్జర్, బయటి కీబోర్డు తగిలించాను. ఒక్కొక్క అక్షరమే కొట్టారు.

"ఇది నా ఒళ్లో ఉండేది" అంది యంత్రం.

ఆగి, మళ్లీ కొట్టారు. "పక్కనే రూతు పడుకుంటుంది."

రూతమ్మ గారు చప్పున ఆయన చెయ్యి పట్టుకున్నారు. ఆయన రెండో చెయ్యి నా తల మీద పెట్టారు. ఏదో అనబోయినట్టు పెదాలు కదిలాయి. శబ్దం లేదు, కానీ నాకు అర్థమైంది. ఆ రోజు సాయంత్రం కోటేశ్వరరావు గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "ఊఁ" అన్నారు. తరవాత "బాగా చేశావు" అన్నారు. అన్నేళ్లలో ఆ మాట అదే మొదటిసారి. నాకు వినపడనట్టు "ఏంటండీ?" అన్నాను. "ఏం లేదు, షాపు కట్టేసి ఇంటికెళ్లు" అని ఫోన్ పెట్టేశారు.

పడవ బ్యాటరీ

కొత్త బ్యాటరీ ఇంకా రాలేదు. పాకలో చదువు ఆగింది. దానికి దారి చూపించింది నాగమణి.

"మా పడవలో లైట్లకి బ్యాటరీ ఉందిగా అక్కా. వేట లేని రోజు అది ఊరికే ఉంటది. దాంతో నడవదా?"

నడుస్తుంది. పడవ బ్యాటరీకి చిన్న ఇన్వర్టర్ తగిలిస్తే లాప్‌టాప్ ఛార్జర్ దానికి పెట్టుకోవచ్చు. నాకు తోచనందుకు నవ్వొచ్చింది. ఇన్వర్టర్ ఒకటి షాపులో ఉంది. తీగలు తారుమారైతే మళ్లీ మొదటికొస్తుందని భయపడి, నేనే తీసుకుని పల్లెకు వెళ్లాను.

ఇసుకలో నడిచి పాక చేరేసరికి పొద్దు వాలుతోంది. నాగమణి భర్త శ్రీను బ్యాటరీని భుజాన వేసుకుని వచ్చాడు. పొడి బల్ల ఒకటి ఎత్తుగా వేయించి, దాని మీద బ్యాటరీ, ఇన్వర్టర్, లాప్‌టాప్ సర్దాను. రెండుసార్లు మీటరు పెట్టి చూసుకుని కలిపాను. తెర వెలిగింది. ఆడవాళ్లంతా పలకలు పట్టుకుని లోపలికి రాబోతుంటే నాగమణి అడ్డం నిలబడింది. పాత వల తాడు ఒకటి తెచ్చి, బల్ల చుట్టూ నేల మీద గుండ్రంగా పరిచింది.

"ఈ తాడు దాటి ఎవరన్నా వచ్చారో, కాళ్లు విరగ్గొడతా. నీళ్ల చెంబులు బయట. చేతులు తుడుచుకోండి. పోలమ్మత్తా, ఆ కొంగు పిండుకునిరా ముందు!"

"పోసింది నువ్వు, ఆంక్షలు మాకా?" అంది పోలమ్మ అనే పెద్దావిడ. అందరూ నవ్వారు. నాగమణి కూడా నవ్వింది. ఆమె మొహంలో నవ్వు చూడటం నాకు అదే మొదలు.

మాస్టారు బల్ల వెనక కూర్చుని రుమాలు సర్దుకున్నారు. పాక బయట అలల చప్పుడు, లోపల పలకల మీద బలపాల చప్పుడు. నేను వెనకాల, వలల కుప్ప మీద కూర్చున్నాను. ఇక నా పని అయిపోయింది, ఆటో దొరికితే వెళ్లిపోదామనుకుంటున్నాను.

ఆయన టైపు చేశారు. పాఠం మొదలవలేదు. ముందు హాజరు.

"పోలమ్మ" అంది యంత్రం.

"వచ్చానండి" అంది పోలమ్మ, లాప్‌టాప్‌కు తల వంచి.

"మంగమ్మ."

"వచ్చానండి."

"నాగమణి."

"వచ్చానండి మాస్టారూ!"

ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క గొంతు పలికింది. కొన్ని గట్టిగా, కొన్ని సిగ్గుగా. పేర్లు అయిపోయాయనుకుని అందరూ పలకలు ముందుకు తీసుకున్నారు. మాస్టారు మాత్రం ఇంకా కీబోర్డు మీద వంగే ఉన్నారు. ఏదో అక్షరం తప్పు పడ్డట్టుంది, చెరిపి మళ్లీ కొట్టారు. తరవాత తలెత్తి నా వైపు చూశారు.

"సువార్త" అంది యంత్రం.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆ పేరుతో ఇంకెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. నాగమణి వెనక్కి తిరిగి, "నిన్నేనక్కా" అంది.

బడిలో లేచినట్టు లేచి నిలబడ్డాను.

"వచ్చానండి" అన్నాను.